కొత్త సంవత్సరానికి ఆత్మీయ లక్ష్యాలు: తప్పిన రోజుకు కూడా చోటు ఉంచండి

మీ ప్రశ్న ఇది: "ప్రతి జనవరిలో బైబిలు మొత్తం చదువుతానని, రోజూ గంట ప్రార్థన చేస్తానని, కోపం మానేస్తానని తీర్మానం చేసుకుంటాను. ఫిబ్రవరి దాటదు. ఈసారి నిలబడాలంటే ఎలా?"

మీరు చెప్పిన మూడింటిలో మొదటిది లెక్క తప్పి ఆగిపోతోంది, రెండోది మోతాదు ఎక్కువై ఆగిపోతోంది, మూడోది అసలు లక్ష్యమే కాదు. ముందు ఆ మూడోదాని సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

గలతీయులకు 5:22-23లో దీర్ఘశాంతము, సాత్వికము, ఆశానిగ్రహము ఆత్మ ఫలముగా కనిపిస్తాయి. దున్నడం, విత్తడం, నీరు పెట్టడం రైతు పని, కాయించడం అతని చేతిలో లేదు. పౌలు కూడా అదే అన్నాడు: "నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే" (1 కొరింథీ 3:6). కాబట్టి కాగితం మీద ఏ లక్ష్యం రాసినా ఇది నాటడమా, కాయడమా అని అడగండి. కాయడమైతే దాన్ని ప్రార్థన పుస్తకంలోకి మార్చండి. నాటడమైతేనే లక్ష్యాల కాగితం మీద ఉంచండి.

"కోపం మానేస్తాను" బదులు ఇలా రాయొచ్చు: "ఇంట్లో ఎవరిమీదైనా అరిస్తే, ఆ రోజు పడుకునేలోపు వాళ్ల దగ్గరికి వెళ్లి, 'నువ్వు కూడా అలా అన్నావు కదా' అని తోక తగిలించకుండా క్షమాపణ అడుగుతాను." ఇది చేశారో లేదో ఆ రాత్రికే తెలిసిపోతుంది. ఎఫెసీయులకు 4వ అధ్యాయం కూడా పాపాన్ని ఇలాగే పట్టుకుంటుంది. దొంగిలేవాడు దొంగతనం మానితే సరిపోదు, కష్టపడి పనిచేసి అక్కరలో ఉన్నవాడికి పెట్టాలి (4:28). మానేయాల్సిన దాని పక్కన దాని స్థానంలో చేయాల్సింది రాయకపోతే ఆ ఖాళీలోకి పాత అలవాటే తిరిగి వస్తుంది.

ఇంకో విషయం మొదట్లోనే చెప్పాలి. తీర్మానాన్ని దేవునికి మొక్కుకున్న మొక్కుగా మార్చకండి. "ప్రభువా, ఈ ఏడాది ఒక్క రోజు కూడా తప్పను" అని మాట ఇవ్వడం భక్తిలా కనిపిస్తుంది. కానీ జనవరి 9న ఒక రోజు తప్పగానే అది దేవుని ముందు మాట తప్పిన నేరంగా తయారవుతుంది, ఆ సిగ్గుతో మనిషి బైబిలు తెరవడమే మానేస్తాడు. "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుట మేలు" అని ప్రసంగి 5:5 చెబుతుంది. కాగితం పైన యాకోబు 4:15లోని మాట, "ప్రభువు చిత్తమైతే", రాసి మొదలుపెట్టండి. అమెరికా ప్రసంగీకుడు జోనాథన్ ఎడ్వర్డ్స్ దాదాపు 19 ఏళ్ల వయసులో, 1722-23లో, 70 తీర్మానాలు రాసుకున్నాడు. ఆ డెబ్బైని మెచ్చుకునేవాళ్లు చాలామంది. వాటికి ముందు అతను రాసిన మాటను దాటేస్తారు: దేవుని సహాయం లేకుండా ఏదీ చేయలేనని ఒప్పుకుని, వీటిని నిలబెట్టుకునే కృప ఇమ్మని అడిగాడు. ఆ వెంటనే వీటిని వారానికోసారి చదవాలని కూడా రాసుకున్నాడు. మనం అతని నుంచి తీసుకోవలసినవి ఈ రెండే. డెబ్బై సంఖ్యను వదిలేయండి.

లక్ష్యాలు రాసే ముందు ఒక పూట గడిచిన ఏడాదిని చూడండి. రెండు గంటలు చాలు. "నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అన్న 139వ కీర్తన 23, 24 వచనాలు చదివి, జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా రుజువులు ముందు పెట్టుకోండి: మీ క్యాలెండరు, మీ ఖర్చుల లెక్క, ఫోన్‌లో స్క్రీన్ టైమ్ అని కనిపించే అంకె. నాలుగో రుజువు అన్నింటికంటే కష్టమైంది. మీతో ఒకే ఇంట్లో ఉండే మనిషిని, "ఈ ఏడాది నాలో ఏది మారితే నీకు మేలు?" అని అడగండి. జవాబు చెబుతుంటే మధ్యలో సమర్థించుకోకండి, రాసుకోండి. రోజుకు 20 నిమిషాలు దొరకడం లేదనుకునేవారికి ఆ స్క్రీన్ టైమ్ అంకె చాలాసార్లు వేరే సంగతి చెబుతుంది.

ఆ తర్వాత మూడు లక్ష్యాలు మాత్రమే ఎంచుకోండి. దేవునితో మీ నడకకు ఒకటి, విడిచిపెట్టాల్సిన పాపం లేదా అలవాటు విషయంలో ఒకటి, ఇతరుల కోసం ఒకటి. పది రాసుకున్నవారు మూడో వారానికి ఏవి రాశారో కూడా గుర్తు చేసుకోలేరు.

ఇక బైబిలు పఠనం. ఇక్కడ అంకెలు తెలియాలి. ప్రొటెస్టంట్ బైబిలులో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు: పాత నిబంధనలో 929, క్రొత్త నిబంధనలో 260. వీటిని 365తో భాగిస్తే రోజుకు 3.26 అధ్యాయాలు. వరుసగా ఈ వేగంతో వెళ్తే ఆదికాండము (50), నిర్గమకాండము (40) అయిపోయి జనవరి 28 ప్రాంతంలో లేవీయకాండము మొదలవుతుంది. ఫిబ్రవరి 5కి అది ముగిసి సంఖ్యాకాండము వస్తుంది, అది ఫిబ్రవరి 16 వరకు. కథలా సాగిన పఠనం ఒక్కసారిగా బలుల విధులు, జనసంఖ్య పట్టికల్లోకి దిగుతుంది. మీరు ఫిబ్రవరి దాటకపోవడానికి ఒక కారణం ఇదే. దీన్ని సోమరితనం ఖాతాలో వేసుకుని బాధపడకండి, ఆ పుస్తకాల కోసం ముందే సిద్ధపడండి.

లేవీయకాండము 16వ అధ్యాయంలోని ప్రాయశ్చిత్త దినం చదివే రోజున హెబ్రీయులకు 9వ అధ్యాయం పక్కన పెట్టుకోండి. సంఖ్యాకాండము 21లోని ఇత్తడి సర్పం దగ్గర యోహాను 3:14 చూడండి. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న ఆజ్ఞ లేవీయకాండము 19:18లోనిదని తెలిసిన తర్వాత ఆ పుస్తకం అంత పరాయిగా అనిపించదు. ఈ మూడు వారాల్లో రోజూ ఒక కీర్తన కూడా కలుపుకుంటే ఇంకా మంచిది.

రెండో కారణం లెక్కలో ఉంది. రోజుకు 3.26 అంటే తప్పడానికి ఒక్క రోజు కూడా మిగలదు. జ్వరం, ప్రయాణం, ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి, ఇవి లేని ఏడాది ఉండదు కదా. పది రోజులు తప్పితే 33 అధ్యాయాలు బాకీ పడతాయి. అధ్యాయానికి నాలుగైదు నిమిషాల చొప్పున అది రెండున్నర గంటల చదువు. ఆ బాకీ తీర్చాలని కూర్చున్నవాడు పరుగెత్తుతూ చదువుతాడు, ఏమీ గుర్తుండదు, రెండు రోజుల్లో విసుగొచ్చి పుస్తకం మూసేస్తాడు.

అందుకే లెక్క మార్చండి. చదివిన రోజున 4 అధ్యాయాలు చదివితే మొత్తం 298 రోజుల్లో బైబిలు పూర్తవుతుంది. 365లో 67 రోజులు మిగులు. వారానికి ఆరు రోజులే చదివి ఏడో రోజు వదిలేసినా ఇంకా 15 రోజులు చేతిలో ఉంటాయి. రోజుకు 16 నుంచి 20 నిమిషాలు పడుతుంది. తేదీలు వేసిన పట్టిక వాడకండి. పుస్తకం పేరు, అధ్యాయాల సంఖ్య మాత్రమే ఉండి, చదివినదానికి టిక్కు పెట్టుకునే కాగితం వాడండి. తేదీలున్న పట్టిక రోజూ మీ వెనుకబాటును గుర్తు చేస్తుంది. తేదీలు లేనిదైతే ఆగిన చోటు నుంచి ముందుకు వెళ్లమంటుంది, అంతే.

అసలు అందరూ ఏడాదిలో మొత్తం బైబిలు చదవాలని ఎవరు చెప్పారు? ఇప్పటివరకు స్థిరమైన అలవాటు లేనివారికి నాలుగు సువార్తలతో మొదలుపెట్టమని చెబుతాను. మొత్తం 89 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున మూడు నెలలు. కాస్త అలవాటున్నవారికి క్రొత్త నిబంధన: వారానికి ఐదు రోజులు, రోజుకొక అధ్యాయం, 52 వారాలకు సరిగ్గా 260. చాలాసార్లు చదివేసి, కళ్లు తెలిసిన మాటల మీదుగా జారిపోతున్నవారు వేగం తగ్గించాలి. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో 4 అధ్యాయాలు, 104 వచనాలే. నెల రోజులు రోజూ దాన్ని మొత్తం చదవండి. రెండో వారంలో విసుగు వస్తుంది, అక్కడ ఆగిపోకండి. ఆ విసుగు దాటాకే పత్రికలోని వాదన ఎలా అల్లుకుందో కనిపించడం మొదలవుతుంది. బాగా స్థిరపడినవారికి స్కాట్లాండ్ పాస్టరు రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసిన పట్టిక ఉంది. రోజూ నాలుగు చోట్ల చదవాలి. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. మొదటిసారి చదివేవారికి మాత్రం అది వద్దు. నాలుగు పుస్తకాల మధ్య దారి తప్పిపోతారు.

చదివాక ఒక్క వాక్యం రాయండి. "ఈ భాగం దేవుని గురించి ఏం చెప్పింది?" అన్నదానికి జవాబు చాలు. పేజీలు నింపే డైరీ పెట్టుకుంటే పఠనం కంటే రాత భారమై, దాని వల్ల రెండూ ఆగుతాయి.

ప్రార్థన విషయంలో మీ గంటను 15 నిమిషాలు చేయండి. తగ్గించడం అవిశ్వాసం కాదు. గంట అలవాటు లేనివాడు పన్నెండో నిమిషానికి చెప్పాల్సింది అయిపోయి, మిగతా సమయం గడియారం చూస్తూ అపరాధ భావంతో కూర్చుంటాడు. మత్తయి 6:9-13లోని ప్రభువు ప్రార్థనలో ఆరు మనవులున్నాయి. ఒక్కోదానికి రెండు నిమిషాలు, చివర మూడు నిమిషాలు మౌనం, పదిహేను అయ్యాయి. మొదటి మూడు మనవులు తండ్రి నామం, రాజ్యం, చిత్తం గురించినవి. మనం సాధారణంగా నేరుగా నాలుగోదైన అనుదినాహారం దగ్గరే మొదలుపెడతాం, అందుకే ఐదు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. మూడు నెలలు ఇది నిలబడితే మరో ఐదు నిమిషాలు కలపండి, అంతకు ముందు వద్దు.

సమయం కంటే చోటు ముఖ్యం. ప్రతి రోజూ అదే కుర్చీ, అదే మూల. ఫోన్ వేరే గదిలో. బైబిలు ఫోన్‌లోనే చదివే అలవాటుంటే ప్రార్థనకైనా దాన్ని పక్కన పెట్టండి, ఒక్క నోటిఫికేషన్ చాలు మనసు వీధిన పడటానికి. మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని చదివి తెల్లవారుజామున 4 గంటలకు అలారం పెట్టేవారు ఒక సంగతి మరచిపోతారు: ముందు రాత్రి 12కి పడుకుంటే అది నాలుగు రోజులకు మించి సాగదు. లేచే సమయం మార్చాలంటే ముందు పడుకునే సమయం మార్చాలి, అదీ వారానికి 15 నిమిషాల చొప్పున. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికి, పసిబిడ్డల తల్లులకు తెల్లవారుజాము నియమం అసలు వర్తించదు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకాళ్లూనేవాడు (దానియేలు 6:10). మూడు ఐదు నిమిషాలు కలిసినా పదిహేనే.

ఇతరుల కోసం ప్రార్థించే పేర్లను వారం రోజులకు పంచండి. రోజుకు ఐదుగురు, వారానికి 35 మంది. మనవి పక్కన తేదీ వేసి, జవాబు కోసం ఒక గడి ఖాళీగా ఉంచండి. అనాథల కోసం పనిచేసిన జార్జ్ ముల్లర్ మనవులనూ జవాబులనూ ఇలా రాసి పెట్టుకునేవాడు. జవాబు "లేదు" అయినా రాయండి. పౌలు తన శరీరంలో 'ముల్లు' అని పిలిచిన బాధను తొలగించమని మూడుసార్లు వేడుకుంటే తొలగలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది (2 కొరింథీ 12:8-9). అనుకూలమైన జవాబులే రాసే పుస్తకం ఏడాది చివర అబద్ధం చెబుతుంది.

కంఠత వాక్యాల్లో వారానికొకటి చొప్పున 52 పెట్టుకుంటారు, ఏప్రిల్‌కల్లా మొదటి పది మరచిపోతారు. కొత్తవి చేర్చడమే తప్ప పాతవి తిప్పి చూసుకోకపోవడమే లోపం. విడి వచనాల కంటే భాగాలు నేర్చుకోండి: 1వ కీర్తన (6 వచనాలు), 23వ కీర్తన (6), మత్తయి 5:3-12 (10), ఫిలిప్పీ 2:5-11 (7). మూడు నెలలకొక భాగం, ఏడాదికి 29 వచనాలు. కొత్త వచనాన్ని మొదటి వారం రోజూ, ఆ నెలంతా వారానికోసారి, తర్వాత నెలకోసారి పైకి చెప్పుకోండి. అనువాదం ఒక్కటే వాడండి. కొన్ని గ్రాంథిక అనువాదంలో, కొన్ని వాడుక భాషలో నేర్చుకుంటే రెండూ కలిసిపోయి నాలుక తడబడుతుంది.

ఉపవాసం గురించి హెచ్చరిక ఎక్కువ, సలహా తక్కువ. మధుమేహానికి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తిండి విషయంలో మానసిక సమస్య ఎదుర్కొన్నవారు వైద్యుణ్ని అడగకుండా భోజనం మానకూడదు. వాళ్లు వేరే దాన్ని, వినోదాన్నో సోషల్ మీడియానో, వదులుకోవచ్చు. ఆరోగ్యవంతులు నెలకు ఒకసారి ఒక్క పూటతో మొదలుపెట్టండి. మంచినీళ్లు మానకండి. భోజనానికి పట్టే ఆ అరగంట ప్రార్థనకు కేటాయించకపోతే అది ఉత్త పస్తు. నేరుగా 40 రోజులకు దూకడం ప్రమాదం. చాలా రోజులు ఖాళీగా ఉన్న శరీరానికి ఒక్కసారిగా భోజనం పెడితే ప్రాణం మీదికి రావచ్చు. ఇక యెషయా 58 చదవకుండా ఉపవాస లక్ష్యం రాయొద్దు. ఆకలిగొన్నవానికి ఆహారం పెట్టడం గురించి ఆ అధ్యాయం అడిగే ప్రశ్నలు పస్తుండటం కంటే కష్టం.

కానుకల విషయం చిన్నదే. ఇప్పుడు ఆదాయంలో ఎంత శాతం ఇస్తున్నారో లెక్క కట్టండి, దానికి ఒక శాతం కలపండి, జీతం వచ్చిన రోజే విడిగా తీసి పెట్టండి. నెలాఖరున మిగిలింది ఇద్దామనుకుంటే మిగలదు. 1 కొరింథీ 16:2లో పౌలు కూడా ముందే తీసి నిలవచేయమన్నాడు.

రహస్య పాపం మీ రెండో లక్ష్యమైతే ఒంటరిగా దాని మీదికి వెళ్లకండి. యాకోబు 5:16 ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమంటుంది. అందరి ముందూ కాదు, వాట్సాప్ గ్రూపులో అసలే కాదు. మీ లింగానికే చెందిన, నోరు జారని, మీకంటే విశ్వాసంలో కాస్త ముందున్న ఒక్క మనిషి చాలు. రెండు వారాలకోసారి అరగంట కలవండి. ప్రతిసారీ అవే మూడు ప్రశ్నలు: ఎప్పుడు పడ్డావు, దానికి ముందు గంటలో ఏం జరిగింది, ఇప్పుడు నాతో ఏదైనా దాచావా? రెండో ప్రశ్న విలువైనది. చాలా పతనాలకు ఒకే వేళ, ఒకే చోటు, ఒకే రకం అలసట ఉంటాయి. అది తెలిస్తే ఆ వేళకు వేరే పని, వేరే గది ఏర్పాటు చేసుకోవచ్చు. ఈ బాధ్యత భార్య మీదో భర్త మీదో పెట్టకండి, కాపురం పోలీసు స్టేషన్ అవుతుంది. మద్యం లాంటి వ్యసనమైతే ప్రార్థనతో పాటు వైద్య సహాయం కూడా కావాలి. అది అడగడం విశ్వాస లోపం కాదు.

మూడో లక్ష్యం, ఇతరుల కోసం చేసేది, ఒక్కటే ఉండాలి, దానికి ముగింపు తేదీ కూడా ఉండాలి. "సంఘంలో సేవ చేస్తాను" కంటే "జూన్ వరకు నెలకు రెండుసార్లు, ఆరాధనకు రాలేని ఒక వృద్ధురాలి దగ్గర గంట కూర్చుని వాక్యం చదివి వినిపిస్తాను" అన్నది నిలుస్తుంది. గడువు లేని సేవను ఒప్పుకున్నవారు కొన్నాళ్లకు చెప్పకుండా మానేస్తారు, నష్టం ఆ వృద్ధురాలికి.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి లక్ష్యం కింద తప్పినప్పుడు ఏం చేస్తారో ఒక వాక్యం ఇప్పుడే రాయండి. "ఒక రోజు తప్పితే బాకీ తీర్చను, మరుసటి రోజు ఆగిన చోటు నుంచి మొదలుపెడతాను. వారం తప్పితే ఆదివారం నేను నమ్మే ఒక మనిషికి చెబుతాను. నెలలో సగం రోజులు కూడా జరగకపోతే లక్ష్యాన్ని సగానికి తగ్గిస్తాను, వదిలేయను." ఈ నియమం ముందే ఉంటే, తప్పిన రోజున కొత్తగా నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు. దిగులుగా ఉన్న మనిషి తీసుకునే నిర్ణయాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ వాక్యం పక్కనే విలాప వాక్యములు 3:22-23 అని రాసుకోండి. దేవుని వాత్సల్యత ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందన్న మాట యెరూషలేము కూలిన తర్వాత రాసినది.

నెలాఖరు ఆదివారం 20 నిమిషాలు ఈ కాగితం ముందు కూర్చోండి. టిక్కులు లెక్కపెట్టండి, ఇంకో సంగతి కూడా చూడండి. మీ గడులు నిండుతున్నకొద్దీ, చదవనివాళ్ల మీద, ప్రార్థించనివాళ్ల మీద మీ మాట కరుకుగా మారుతోందా? లూకా 18:12లోని పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నాడు, సంపాదన అంతటిలో దశమ భాగం ఇచ్చాడు. అతని పట్టికలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. అలాంటి కరుకుదనం కనిపిస్తే ఆ నెల టిక్కులు పెట్టడం ఆపేసి, చదవడం, ప్రార్థించడం మాత్రం కొనసాగించండి.

జనవరి 1 కోసం ఆగకండి. డిసెంబరు చివరి వారంలో ఏడు రోజులు ఇదే పద్ధతిని నడిపి చూడండి. కుర్చీ ఎక్కడ, ఫోన్ ఎక్కడ, పిల్లలు ఎప్పుడు లేస్తారు, ఏ వేళ నిద్ర తూగుతుంది, ఇవన్నీ ఆ వారంలోనే తేలిపోతాయి. ఏడు రోజుల్లో నాలుగైనా జరిగితే అదే మోతాదుతో కొత్త సంవత్సరంలోకి వెళ్లండి. మూడో అంతకంటే తక్కువో అయితే సగం చేసి వెళ్లండి.